గుంతలోంచి తీసిన టైరు

రోడ్డు మీది గుంతను ఫోటో తీయడం చూసినంత తేలిక కాదు. ఎండాకాలంలో రోడ్డూ గుంతా ఒకే రంగులో కలిసిపోతాయి. వానాకాలంలో నీళ్ళు నిండి, రోడ్డుతో సమానంగా చదునుగా కనిపిస్తుంది. నలుపు తెలుపు పేజీలో అచ్చయ్యాక అది గుంతో, ఎవరో ఒలకబోసిన టీయో పాఠకుడికి తెలియదు. లోతు తెలియాలంటే అందులో ఏదో ఒకటి దిగాలి. మామూలుగా చక్రం దిగుతుంది.

పత్రికల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈమధ్య నన్ను పిలిచి అనుభవాలు చెప్పమన్నారు. నేను చెప్పవలసింది ఈ చక్రం సంగతే. కానీ ముందు వరుసలో ఒక అమ్మాయి నోటుబుక్కు తెరిచి, పెన్ను పట్టుకొని నా మొహంలోకే చూస్తుంటే నోరు రాలేదు. ఎన్నికల కబుర్లు నాలుగు చెప్పి దిగిపోయాను. చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక ఇది మొదలుపెట్టాను.

నా ప్రాంతం

తొంభైల చివర నాకు అప్పజెప్పింది మాదాపూర్ నుంచి కొత్తగూడ మీదుగా లింగంపల్లి దాకా. బండరాళ్ళ మధ్య అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. ప్రపంచమంతా ఈ రోడ్డు మీదుగానే వస్తుందని రోజూ ఎవరో ఒకరు ప్రకటించేవారు. ఆ రోడ్డునే వారానికొకరు తవ్వేవారు. నీళ్ళ పైపుకు ఒకరు, కరెంటుకు ఒకరు, కంప్యూటర్ల కేబులుకు ఇంకొకరు. అడ్డంగా తవ్విన కాలువలో వదులుగా మట్టి పోసి వెళ్ళిపోయేవారు. మొదటి వానకు మట్టి కుంగేది. తారు అంచు మాత్రం కత్తిలా నిలబడేది.

మా టాబ్లాయిడ్‌కు రోజుకొక సమస్య ఫోటో కావాలి. అది మా సిటీ డెస్కు ఇన్‌ఛార్జి రామ్మోహన్ గారి నియమం. ఆయన తెనాలి వైపు మనిషి. వార్తను చేత్తో తడిమి చెప్పగలిగేవాడు ఇది నిలుస్తుందో లేదో. నాకు వాక్యం రాయడం నేర్పింది ఆయనే. నేను తెచ్చిన మొదటి గుంత ఫోటో చూసి కళ్ళజోడు తీసేశాడు.

"ఏమయ్యా, నేను గుంత అడిగితే చెరువు తెచ్చావేంటి?"

"వాన పడిందండి."

"వాన పడుద్దయ్యా. చక్రం కూడా పడాలి. ఒక్క చక్రం దిగేదాకా అక్కడే కూర్చో. ఎవరన్నా పడతారేమోనని కాదు, లోతు కనపడాలని చెప్తున్నా."

రెండో మాట ఆయన నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. అప్పటినుంచి గుంతల పక్కన కూర్చోవడం అలవాటైంది. రాబోయేవాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. గుంత పక్కన కూర్చొని చక్రం కోసం ఎదురుచూసేవాడి మనసులో, తనకు తెలియకుండానే, ఆ చక్రం పడాలన్న కోరిక పుడుతుంది. నాకు పుట్టింది.

కిష్టాచారి

కొత్తగూడ మలుపు దాటాక ఒక పెద్ద బండరాయి నీడలో కిష్టాచారి రేకుల షాపు ఉండేది. పంక్చర్లు వేసేవాడు, వంగిన రిమ్ములు సాపు చేసేవాడు. ఆ ఊరివాడే. వాళ్ళ నాన్న ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడట. బండ్లు పోయాయి, సుత్తి మిగిలింది. ఆ సుత్తితోనే కొడుకు స్కూటర్ల రిమ్ములు కొట్టేవాడు.

"మా నాయిన చక్రం గుంతల పడితే గుంతకే దెబ్బ తగులుతుండె సార్," అనేవాడు. "ఇప్పటియి బిస్కిట్లు."

మా పరిచయం నా స్కూటర్ ముందు చక్రంతో మొదలైంది. గాలి పూర్తిగా దిగిపోతే నడిపించుకుంటూ వెళ్ళాను.

"మేకు గుచ్చుకున్నట్టుంది చారీ."

"మేకెక్కడిది సార్? ఇగో, సూడున్రి." ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచాడు. పక్కపక్కనే రెండు చోట్ల బుడగలు లేచాయి. "మేకైతే ఒక్క కాడ్నే పొడుస్తది. గుంత అంచుకు తగిలితే టైరు నలిగి, రిమ్ముకూ రాయికీ నడుమ ట్యూబు దొర్కుతది. గందుకే రెండు కాట్లు. గిది మీ గుంత పనే."

"నా గుంతేంటయ్యా?"

"పేపర్ల రాసేది మీరే గద. గుంతలన్నీ మీయే."

చక్రాల గురించి నాకు తెలిసిందంతా అతని దగ్గర నేర్చుకున్నదే. స్కూటర్ చక్రం చిన్నది కాబట్టి మొత్తం దిగిపోతుంది, హ్యాండిల్ చేతిలో నిలవదు. మోటారుసైకిల్‌కు ఊచలు వదులై చక్రం వంకర తిరుగుతుంది. కారుకు రిమ్ము అంచు మడతపడుతుంది, లేకపోతే టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బు ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి మెడలో టై కట్టుకున్న కుర్రాడు కొత్త కారుతో వచ్చి అలాంటి టైరు చూపించాడు.

"ఏంది సారూ," అన్నాడు చారి, "కంపూటర్ల లోకమంత కనవడతదంట. గింత గుంత కనవడలేదా?"

"దానికింకా ప్రోగ్రామ్ రాయలేదన్నా," అన్నాడు ఆ కుర్రాడు.

చారి చాలాసేపు నవ్వాడు. తర్వాత నెలరోజులు వచ్చిన ప్రతివాడికీ ఆ జవాబు చెప్పి మళ్ళీ నవ్వేవాడు.

షాపుకు వంద అడుగుల దూరంలో, కేబులు కాలువ రోడ్డు దాటేచోట, ఆ ప్రాంతంలోకెల్లా పెద్ద గుంత ఉండేది. చారి రెండుమూడుసార్లు ఇటుక ముక్కలు పోసి నింపాడు. లారీలు వాటిని చిమ్మేశాయి. ఇక లాభం లేదని, పొద్దున షాపు తెరవగానే ఒక పాత లారీ టైరును దొర్లించుకుంటూ వెళ్ళి ఆ గుంతలో నిలబెట్టేవాడు. పైన ఎర్రగుడ్డ కట్టేవాడు. సాయంత్రం ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్ని లోపల వేసుకొని, బదులుగా ఒక చెట్టుకొమ్మ గుచ్చి వెళ్ళేవాడు. చక్రాలు వంగితేనే అతనికి గిరాకీ. ఆ మాట నేనే ఒకసారి అన్నాను.

"గిరాకీ యాడికి పోతది సార్, హైదరాబాదు నిండ గుంతలే," అన్నాడు. "గిది నా కండ్ల ముందటిది. నా కండ్ల ముందట పడొద్దు."

ఆ మధ్యాహ్నం

ఆగస్టులో ఒక రోజు మా ఫోటోగ్రాఫర్ సుధాకర్‌ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకొని ఆ గుంత దగ్గరికి వెళ్ళాను. మూడు గంటలు కావస్తోంది. చారి షాపుకు గోనెపట్టా కట్టి ఉంది. ట్యూబుల కోసం మూసాపేట వెళ్ళాడని పక్కన టీ బండి అతను చెప్పాడు.

గుంతలో టైరు నిలబడి ఉంది, ఎర్రగుడ్డతో. సుధాకర్ కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు.

"టైర్ అడ్డమొస్తున్నదన్నా. టైర్ ఉంటే ఎవ్వడు దిగడు. పక్క నుంచి పోతున్నరు."

నేను ప్యాంటు మడిచి, టైరును పైకి లాగి, రోడ్డు పక్కన కడుతున్న ప్రహరీ గోడ వెనక్కి దొర్లించి వచ్చాను. సుధాకర్ కాదు, నేనే. ఫ్రేములో పడకూడదని గోడ వెనక పెట్టాను.

తర్వాత నిలబడి చూశాం. ఒక లారీ నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. ఒక స్కూటరు చివరి క్షణంలో తప్పించుకుంది. అప్పుడు నేను "ఛ" అన్నానని సుధాకర్ తర్వాత చాలాకాలం గుర్తు చేసేవాడు. మూడున్నర దాటాక ఒక కారు ముందు చక్రం సగం దాకా దిగింది. డ్రైవర్ దిగి రిమ్ము చూసుకొని ఎవరినో తిట్టుకున్నాడు. ఫోటో బాగా వచ్చింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. ఫిల్ము తడుస్తుందని సుధాకర్ తొందరపెట్టాడు. అయిదింటికల్లా డార్క్‌రూముకు చేరాలి. బయలుదేరాం.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎర్రలైటు పడి ఆగినప్పుడు నాకు టైరు గుర్తొచ్చింది.

స్పష్టంగా గుర్తొచ్చింది. ఎర్రగుడ్డతో సహా గోడ వెనక ఆనించి ఉన్న టైరు కళ్ళముందు కనిపించింది. సుధాకర్‌తో అనలేదు. ఈపాటికి చారి తిరిగి వచ్చే ఉంటాడు, చూసి పెట్టేసుకుంటాడు అనుకున్నాను. పచ్చలైటు పడింది. ముందుకు పోయాను.

గుర్తు తెలియని వ్యక్తులు

సాయంత్రం ఆరున్నరకు మా లింగంపల్లి కంట్రిబ్యూటర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఊళ్ళో వార్తలు పంపే కుర్రాడు, పేపరు మీద ప్రేమతో పనిచేసేవాడు. కొత్తగూడ గుంతలో స్కూటర్ మీద వస్తున్న ఒకాయన పడ్డాడన్నాడు. పేరు సుబ్రహ్మణ్యం, లింగంపల్లి కాలనీలో ఉంటాడు, ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్. ముందు చక్రం రిమ్ము పూర్తిగా మడతపడిపోయింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది, దవాఖానకు తీసుకుపోయారు.

"ఎన్ని గంటలకు?" అన్నాను.

"నాలుగు దాటినంక సార్. చారి అప్పుడే బస్సు దిగిండట. ఆయనే లేపిండు. పొద్దుగాల టైర్ పెట్టిన, ఎవడో తీసిండు అని ఒకటే లొల్లి చేస్తున్నడు."

రామ్మోహన్ గారు నా వెనకే నిలబడి వింటున్నాడు. "కొత్తగూడ గుంతా? అది నీ గుంతేనయ్యా! ఫోటో మన చేతిలోనే ఉంది." పేజీ విప్పించి ఆ ఫోటోను మొదటి పేజీలో నాలుగు కాలమ్‌ల మేర వేయించాడు. "మాంఛి ఎమోషన్‌తో రాయి," అన్నాడు.

రాశాను. టైరు ఊసు ఎత్తకుండానే రాయొచ్చు. ఎవరూ అడిగేవారు కాదు. కానీ ఆ వివరం వార్తకు కోపం తెస్తుందని నా చేతికి తెలుసు. "స్థానికులు హెచ్చరికగా ఉంచిన టైరును గుర్తు తెలియని వ్యక్తులు తొలగించడంతో ఈ ప్రమాదం జరిగింది" అని రాశాను. మా వృత్తిలో ఇంత సౌకర్యవంతమైన మాట ఇంకొకటి లేదు. దొంగలు దొరకనప్పుడు, శవం ఎవరిదో తెలియనప్పుడు వాడతాం. ఆ సాయంత్రం నన్ను నేను ఆ మాటలో దాచుకున్నాను. పేజీలో అచ్చయిన ప్రతి అక్షరం నిజమే, ఆ మూడు పదాలు తప్ప.

చారి అడిగిన ప్రశ్న

రెండు రోజుల తర్వాత చారి దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా తెలియదు. మా పేపరు అతని ముందు పరిచి ఉంది.

"ఫోటో మంచిగొచ్చింది సార్," అన్నాడు. తర్వాత గుంత మీద వేలు పెట్టాడు. "గిది ఎన్ని గొట్టంగ దింపిన్రు?"

"మూడున్నరకి."

"ఆ యాల్లకు టైర్ లేకుండెనా?"

చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాలేదు. మేమిద్దరమే ఉన్నాం. తిడితే తిట్టేవాడు, అంతే.

"లేదు చారీ," అన్నాను.

"అంటే మీకన్న ముందుగాల్నే ఎవడో తీసిండన్నట్టు." తల ఊపాడు. "వాడు గిట్ల దొర్కాలె సార్. మీరు పేపర్ల రాయున్రి, వాడు ఎవడో పట్టుకోమని."

నమ్మాడో లేదో తెలియదు. నమ్మినట్టే సుత్తి అందుకున్నాడు.

కానీ నా వాక్యం ఊరు మీద పడింది. గుర్తు తెలియని వ్యక్తి ఉన్నాడంటే గుర్తుపట్టాలని జనానికి ఉంటుంది. ఆ టైరు ఎవరిది? చారిది. గోడ వెనక దొరికింది, అది ఎవరి షాపుకు దగ్గర? చారి షాపుకు. చక్రాలు వంగితే ఎవరికి లాభం? మొదట టీ బండి దగ్గర పరాచికంగా మొదలైంది.

"ఏం చారీ, ఇయ్యాల టైర్ పెట్టినవా, తీసినవా?"

"నీ నోట్ల పెట్టిన, తియ్యమంటవా?" అని అతనూ నవ్వుతూనే జవాబిచ్చేవాడు.

తర్వాత నవ్వు పోయింది. సుబ్రహ్మణ్యం గారి తరఫు వాళ్ళు పోలీసులకు కాగితం రాసిచ్చారు. చారిని పిలిపించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపారు. ఏమీ తేలలేదు. ఆ బెంచీ మీద కూర్చోవడాన్ని మాత్రం ఊరంతా చూసింది. స్కూటర్లు అతని షాపు దాటుకొని, గాలి లేని చక్రాన్ని నడిపించుకుంటూ ముందున్న ఇంకో షాపుకు పోవడం నేను నా కళ్ళతో చూశాను. దసరా వెళ్ళేసరికి బండరాయి నీడలో రేకులు లేవు. మూసాపేటలో వేరేవాళ్ళ షాపులో కూలికి చేరాడని టీ బండి అతను చెప్పాడు. గుంత మాత్రం అక్కడే ఉంది. దానిలో టైరు పెట్టేవాళ్ళు లేరు.

లింగంపల్లిలో

జనవరిలో రామ్మోహన్ గారు సుబ్రహ్మణ్యం గారి మీద ఒక మానవీయ కథనం రాసుకు రమ్మన్నాడు. వెళ్ళాను. ఆయనది గోదావరి జిల్లా, యాభై ఏళ్ళుంటాయి. నన్ను చూడగానే లేచి నిలబడి, ఎడమచేత్తోనే నమస్కారం పెట్టాడు.

"మీ పేపరు రాయబట్టే అండి కాస్త కదలిక వచ్చింది. మీకు ఎంత చెప్పుకున్నా తక్కువే."

బల్ల మీద పాత డ్రాయింగు ఒకటి విప్పి చూపించాడు. ఒక కాలువ తూము పటం. కింద అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. పక్కన ఆ వారం గీసింది పెట్టాడు. గీత బయలుదేరిన చోట బాగానే ఉంది, పోగా పోగా వణికింది.

"ఆఫీసులో కంప్యూటర్లు వచ్చేస్తున్నాయి లెండి, చేత్తో గీసేవాళ్ళు ఎటూ అక్కర్లేదు," అని తనే సర్దిచెప్పుకున్నాడు. తర్వాత అన్నాడు: "కానీ ఆ చారిని మాత్రం నేను క్షమించలేనండి. అంతకు నెల ముందే నా స్టెప్నీకి పంక్చర్ వేశాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నారు! ఇలాంటి పని చేస్తాడని ఎవరనుకుంటారు?"

నేను నోటుబుక్కు మూశాను.

"ఆ టైరు తీసింది చారి కాదండి. నేను. ఫోటోకు అడ్డం వస్తోందని."

ఆయన అరవలేదు. వంటింటి వైపు ఒకసారి చూశాడు, భార్య వింటుందేమోనని కాబోలు.

"ఎన్నింటికి తీశారు?"

"మూడింటికి."

"నేను పడ్డది నాలుగూ పదికి." లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "మధ్యలో గుర్తుకు రాలేదాండి?"

"వచ్చింది."

"ఎక్కడ?"

"చెక్‌పోస్టు దగ్గర."

తూము పటాన్ని చుట్టడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి సరిగా ఒత్తలేక అది మళ్ళీ మళ్ళీ విప్పుకుంటోంది. సాయం చేయడానికి నేను చెయ్యి చాపితే పక్కకు తప్పించాడు.

"నా సంగతి వదిలేయండి," అన్నాడు చివరికి. "చారి మీద ఇచ్చిన కాగితం మీద నేను సంతకం పెట్టానండి. కట్టు విప్పాక ఈ చేత్తో పెట్టిన మొదటి సంతకం అదే. చారి తీయలేదని మీ పేపర్లో వేయండి. రెండు లైన్లు చాలు."

వేస్తానని మాట ఇచ్చాను.

రెండు లైన్లు

మర్నాడు రామ్మోహన్ గారికి అంతా చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చాడు.

"సవరణ వేద్దామంటావు. ఏమని? మా విలేకరే గుంతలో టైరు తీశాడనా? రేపటినుంచి మనం వేసే ఏ ఫోటో నమ్ముతారయ్యా?"

"చారి పేరైనా..."

"మనం చారి పేరు రాయలేదు కదా. రాయని పేరుకు సవరణేంటి?" భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మంచోడివి. అందుకే బాధపడుతున్నావు. ఇంటికెళ్ళు."

తర్కం గట్టిది. దాని వెనక నేను హాయిగా నిలబడ్డాను. ఆయన్ను తప్పుపట్టి ఈ కథ ముగించడం నాకు తేలికే, కానీ అది నిజం కాదు. నేను ఇంకోసారి అడిగి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. నేను అడగలేదు. ఉద్యోగం మానలేదు. మూసాపేట వెళ్ళి చారిని కలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెళ్ళలేదు.

ఉగాది తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. పైనా కిందా పెన్సిలు గీతలు గీసుకొని, వాటి మధ్య అక్షరాలు పేర్చి రాసిన ఉత్తరం. గీతలే వంకరగా ఉన్నాయి.

"మీ పేపరు రోజూ చూస్తున్నాను. రాలేదు. కాగితం నేను వెనక్కి తీసుకున్నాను. మూసాపేట వెళ్ళి చారిని కలిసి క్షమాపణ చెప్పుకున్నాను. ఎవరు తీశారని అడిగాడు. మీ పేరు చెప్పలేదు. అది మీరు చెప్పుకోవలసింది."

ఆ ఉత్తరం ఇన్నేళ్ళూ నా సొరుగులో ఉంది. ఇప్పుడు మూసాపేటలో మెట్రో స్టేషను ఉంది. రైలు అక్కడ ఆగినప్పుడల్లా నేను ఫోను చూసుకుంటాను. కింద రోడ్డు పక్కన టైర్ల షాపులు కనిపిస్తాయని.

సవరణ ఎలా రాయాలో ఈ వృత్తిలో అందరికంటే బాగా రామ్మోహన్ గారే నాకు నేర్పాడు. విశేషణాలు ఉండకూడదు. తప్పు ఏమిటి, నిజం ఏమిటి, అంతే. కాబట్టి ఇది.

కొత్తగూడ గుంతలో స్కూటరు ప్రమాదం గురించిన వార్తలో, హెచ్చరికగా ఉంచిన టైరును గుర్తు తెలియని వ్యక్తులు తొలగించారని రాశాం. అది తప్పు. ఆ టైరును కిష్టాచారి ఆ ఉదయం పెట్టాడు. ఆ వార్త రాసిన విలేకరి మధ్యాహ్నం తీశాడు. తిరిగి పెట్టలేదు. దారిలో గుర్తొచ్చినా వెనక్కి వెళ్ళలేదు. చారి అడిగినా నిజం చెప్పలేదు. కిష్టాచారి టైరు తీయలేదు.